తాతగారి పెట్టెలో దొరికిన రెండు తుపాకిమందు భరిణెలు: ఎక్కడివి, ఎప్పటివి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. సికింద్రాబాద్‌లో మీ తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో రెండు పాత భరిణెలు బయటపడ్డాయి. రెండూ తుపాకిమందు పోసుకునేవే. మొదటిది బేరిపండు ఆకారంలో, నల్లబడిన లోహంతో ఉంది. రెండు వైపులా వేటకుక్క, తలకిందులుగా వేలాడే పక్షులు, చుట్టూ ఆకుల తీగ ఉన్నాయి. మూతి దగ్గర ఒక మీట, గొట్టం మీద అరిగిపోయిన అంకెలు ఉన్నాయి. రెండోది తెల్లగా, కొమ్ములా వంగి ఉంది. ఒక కొసన లేడి తల, ఒంటినిండా సింహాలూ ఏనుగులూ, నడుమ మూడు ఇత్తడి పట్టీలు. మొదటిది బిద్రీ పని (నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ పని) అనీ, నిజాం సైన్యం కోసం గన్‌ఫౌండ్రీలో చేశారనీ మీ బాబాయిగారు అంటున్నారు. పాతబస్తీ వ్యాపారి మాత్రం రెండోది మొఘల్ కాలపు ఏనుగు దంతమని ఊరించి, మొదటిదాన్ని పాత రాగి ధరకు తూకం వేసి తీసుకుంటానన్నాడు. ఎవరి మాట నమ్మాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా నమ్మవద్దు. మొదటిది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో తయారైన వేట భరిణె. దానిలో నాకు అనుమానం లేదు. రెండోది, మీ ఫోటోల్లో కనిపిస్తున్నంత వరకు, రాజస్థాన్ వైపు పర్యాటకుల కోసం ఎముకతో చేసిన అలంకార వస్తువు. దాని వయసు మీ నాన్నగారి వయసుకు మించకపోవచ్చు. తూకానికి అడిగినదే పాతది, ఊరించినదే కొత్తది. ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను. మీకు మూడో భరిణె ఎక్కడైనా కనిపించినా పనికొస్తుంది.

ఇలాంటి వస్తువు చేతికి రాగానే అందరూ నగిషీ చూస్తారు. పువ్వు ఉంటే మొఘల్, సింహం ఉంటే రాజపుత్ర, తీగ ఉంటే ఇరాన్. ఆయుధ సామగ్రి విషయంలో ఇది చాలా బలహీనమైన ఆధారం. నగిషీ ఊళ్లు తిరుగుతుంది. బాగున్న బొమ్మను పక్క దేశం పనివాడు ఏడాది తిరగకుండా దించేస్తాడు, నూరేళ్ల తరువాత నకిలీ చేసేవాడూ దాన్నే దించుతాడు. నేను ముందుగా మూతి చూస్తాను, తరువాత అతుకు, ఆ తరువాత పదార్థం. బొమ్మలు చివర. మూతికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే భరిణె పని అంతా అక్కడే ఉంది. మందు తడవకూడదు, ఒలకకూడదు, నిప్పురవ్వ పుట్టకూడదు. ఒక చేత్తో తుపాకి పట్టుకుని రెండో చేత్తో కావలసినంత మందే పోయగలగాలి. ఈ చిక్కును ఒక్కో ప్రాంతం ఒక్కో రకంగా తీర్చుకుంది, ఆ పద్ధతిని తరాల తరబడి మార్చలేదు. నకిలీ చేసేవాడు బొమ్మ మీద పెట్టే శ్రద్ధ మూతి మీద పెట్టడు, కొనేవాడు మూతి తెరిచి చూడడని అతనికి తెలుసు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. భరిణెలన్నీ ఒకే పనికి చేసినవి కావు. ఒత్తితో పేల్చే తుపాకికైనా చెకుముకి తుపాకికైనా రెండు చోట్ల మందు కావాలి. గొట్టంలో గుండు వెనుక దట్టించే మందు ఎక్కువ. పక్కనున్న చిన్న గిన్నెలో నిప్పు అందుకోవడానికి వేసే రంజకం చిటికెడు, పైగా మరీ మెత్తగా నూరినది. రంజకపు భరిణె అందుకే అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, మూతి సన్నగా ఉంటుంది. 1820ల తరువాత, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీలు పెట్టి పేల్చే తుపాకులు వ్యాపించాయి. వాటికి రంజకంతో పని లేదు. కనుక పెద్ద పొట్ట, కొలత గొట్టం ఉన్న ఒకే భరిణె వేటగాడి భుజాన మిగిలింది. మీ రెండు వస్తువులూ ఈ గీతకు చెరో వైపున ఉన్నాయి. మొదటిది టోపీ తుపాకుల కాలానిది. రెండోది రంజకపు భరిణెలా కనిపించాలని చేసినది.

మొదటిదాని సంగతి. మీ మూడో ఫోటోలో భరిణె అంచు వెంట, మెడ నుంచి అడుగు దాకా ఒక సన్నటి గీత దిగుతోంది. రెండో అంచునా అలాగే ఉంటుంది, వేలితో తడిమి చూడండి. రాగి రేకును ఉక్కు అచ్చులో గుద్ది రెండు సగాలు తీసి, కజ్జికాయ అంచులు కలిపినట్లు కలిపి మాటు వేశారు. చేత్తో ఎత్తిన పని అయితే రెండు వైపుల కుక్కలూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకదాని చెవి కాస్త వాలుతుంది, ఒక ఆకు తప్పిపోతుంది, గీత చివర ఉలి దెబ్బ కనిపిస్తుంది. మీ ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆకుల ఈనెలతో సహా ఒకటే. ఇది యంత్రపు అచ్చు. వేలాడే పక్షులు, వేటకుక్క అనే ఈ కూర్పు కూడా ఇంగ్లండు వేటగాళ్ల అభిరుచే, షెఫీల్డ్ భరిణెల మీద తరచుగా కనిపిస్తుంది.

ఇక మూతి. మీట నొక్కితే గొట్టం అడుగున ఒక చిన్న రేకు పక్కకు జరుగుతుంది, వదిలేస్తే స్ప్రింగు దాన్ని మళ్లీ మూస్తుంది. వాడే పద్ధతి ఇది: గొట్టం చివర వేలితో మూసి భరిణెను తలకిందులు చేయాలి, మీట నొక్కాలి, గొట్టం నిండగానే మీట వదలాలి. ఇప్పుడు గొట్టంలో ఉన్నదే ఒక కొలత. దాన్ని తుపాకి మూతిలో పోస్తారు, మిగతా మందు సురక్షితంగా రేకు వెనుక ఉంటుంది. మీ భరిణె గొట్టాన్ని పైకీ కిందికీ జరిపి నిలపవచ్చు. ఆ జరుపు దగ్గరే అంకెలు ఉన్నాయి. మీకు సరిగా కనబడక తేదీ అనుకున్నారు గానీ, అవి 2¼, 2½, 2¾, 3 అయి ఉండాలి. ఇవి డ్రాములు, మందు తూకానికి ఇంగ్లీషు కొలత. ఒక డ్రాము సుమారు 1.77 గ్రాములు, కనుక మూడు డ్రాములంటే 5.3 గ్రాములు. పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లావుకు కొలత) తుపాకికి మామూలుగా వాడే మోతాదు అదే. డ్రాముల అంకెలు ఉన్న భరిణె మొఘలులదీ కాదు, నిజాం కార్ఖానాదీ కాదు.

మీట కింద ఉన్న పలకను పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి భూతద్దంతో చూడండి. తయారీదారు పేరు అక్కడే గుద్దుతారు. షెఫీల్డ్‌లో ఈ పనికి పేరు పడినవారు జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లీ, సైక్స్. డిక్సన్ వ్యాపారం మొదలైంది 1806లో. అదే ఏడాది నిజాం సికందర్ జా పేరిట మీ సికింద్రాబాద్ వెలిసింది. దీన్నుంచి ఏ నిర్ధారణకూ రాకండి, ఊరికే సరదాగా చెప్పాను. పేరు లేకపోయినా దిగులు పడవద్దు, పేరు లేని భరిణెలు కూడా షెఫీల్డ్ నుంచి లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. అమెరికాలోనూ ఇలాంటి అచ్చు భరిణెలు చేశారు. కానీ వాళ్ల సైన్యానికి చేసినవాటి మీద కరచాలనం చేస్తున్న చేతులు, డేగ వంటి గుర్తులు ఉంటాయి. మీదాని మీద అవేవీ లేవు.

కాలం విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక ఉక్కు అచ్చు చేయిస్తే దాన్ని దశాబ్దాల పాటు వాడేవారు, కనుక బొమ్మను బట్టి సంవత్సరం చెప్పలేం. 1851 లండన్ మహాప్రదర్శనలో ఫ్రెంచివాడైన లెఫోషో చేసిన, వెనుకనుంచి తూటా పెట్టే తుపాకి ఇంగ్లండు వారి కంట పడింది. తరువాతి ఇరవయ్యేళ్లలో డబ్బున్న వేటగాళ్లు తూటాలకు మారారు, వారికి భరిణెతో పని తప్పింది. మన దేశంలో మాత్రం మూతినుంచి మందు దట్టించే తుపాకులు ఇంకా చాలాకాలం నిలిచాయి. పంటల కాపలాకు అలాంటి తుపాకి లైసెన్సులు ఉన్న రైతులు ఇప్పటికీ ఉన్నారు. అందువల్ల షెఫీల్డ్ వాళ్లు ఇటువంటి మార్కెట్ల కోసం భరిణెలు చేస్తూనే పోయారు. మీదాని గొట్టం అరుగుదల, మాటు తీరు చూసి 1840 నుంచి 1880 లోపు అంటాను. అంతకంటే ఇరుకైన తేదీ ఎవరైనా చెబితే ఏ ఆధారంతో చెప్పారో అడగండి.

బాబాయిగారి మాటను గౌరవంగానే పక్కన పెడుతున్నాను. బిద్రీకి మూలలోహం జస్తం (జింకు), అందులో కొద్దిగా రాగి కలుపుతారు. పోత పోసి, చెక్కి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి పూసి నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద వెండి తెల్లగా మెరవాలి. మీదాని మీద వెండి పొదుగు లేదు. నల్లదనం కేవలం పాత లక్కపూత మీద పేరుకున్న మురికి, చిలుము. మెడ లోపలి అంచున ఎర్రటి రాగి బయటపడి ఉంది, నాలుగో ఫోటోలో స్పష్టంగా ఉంది. జస్తం పోత బరువు కూడా. హుక్కా కుండకూ పాన్‌దానుకూ ఆ బరువు అందం. రోజంతా అడవిలో తిరిగేవాడు దాన్ని భుజాన వేలాడదీసుకోడు. ఇక గన్‌ఫౌండ్రీ, అంటే తోప్ కా సాంచా, ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో ఫిరంగులు పోతపోయించిన చోటు. ఫిరంగి పోతకూ, రాగి రేకు మీద కుక్క బొమ్మ గుద్దడానికీ సంబంధం లేదు. పైగా ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన పటాలాల్లో సిపాయి మందును భరిణెలో మోసేవాడు కాదు, గుండూ మందూ కలిపి చుట్టిన కాగితపు తూటాలు వాడేవాడు. 1857లో గొడవకు నిప్పు పెట్టినవి ఆ కాగితపు తూటాలే కదా. కనుక వేటబొమ్మల భరిణె సైన్యపు సరుకు అనడానికి వీలు లేదు. అది షికారుకు వెళ్లే దొరదో, దొరలతో షికారుకు వెళ్లే జాగీర్దారుదో అయి ఉంటుంది. కంటోన్మెంట్ ఊళ్లో అది పెట్టెలో దొరకడంలో వింతేమీ లేదు. అధికారులు బదిలీ మీద వెళ్తూ సామాను వేలం వేసేవారు.

ఇంకొక చిన్న హెచ్చరిక. ఇదే బేరిపండు ఆకారంలో తోలు సంచీ, దానికి ఇత్తడి మూతి ఉన్నవి కూడా బజారులో కనిపిస్తాయి. అవి మందు భరిణెలు కావు, సీసపు రవ్వలు పోసుకునేవి. వ్యాపారులు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతుంటారు.

ఇప్పుడు తెల్లదాని సంగతి. వ్యాపారి చెప్పిన రకం వస్తువులు నిజంగా ఉన్నాయి, అందుకే ఆ కథ అమ్ముడుపోతుంది. పదిహేడో శతాబ్దంలో మొఘల్ పనివాళ్లు ఏనుగు దంతాన్ని చెక్కి చేసిన రంజకపు భరిణెలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక జంతువు నోట్లోంచి ఇంకో జంతువు పుట్టుకొస్తుంది. ఏనుగు తొండం లేడి కాలిగా మారుతుంది, పక్షి రెక్క సింహపు జూలులో కలుస్తుంది. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో కన్ను పట్టుకోలేదు. వేటలోని పెనుగులాట అంతా ఆ వంపులోనే తిరుగుతుంది. మీదానిలో సింహాలు వేరు, ఏనుగులు వేరు. ఒకదాని వెనుక ఒకటి వరుసగా నడుస్తున్నాయి, అన్నిటికీ కళ్లు ఒకే పరిమాణంలో తొలిచిన గుండ్రటి గుంటలు. ఇత్తడి పట్టీల దగ్గర బొమ్మలు అర్ధాంతరంగా తెగిపోతున్నాయి. ఇది బొమ్మలను బట్టి చేసే వాదన, దాన్ని చివర చూడాలని నేనే అన్నాను కనుక ఇక్కడ ఆపి పదార్థం దగ్గరకు వస్తాను.

ఆ మూడు పట్టీలు అక్కడ ఎందుకున్నాయి? దంతం లోపల చాలాదూరం గట్టిగా ఉంటుంది, సహజంగానే వంగి ఉంటుంది. కనుక మొత్తం భరిణెను ఒకే ముక్కలో చెక్కవచ్చు. ఎముక అలా కాదు. కాలి ఎముక తిన్నగా ఉంటుంది, లోపల బోలు, గోడ పలుచన. అంత పెద్ద వంపు రావాలంటే పలకలుగా కోసి, లోపల కొయ్యదో జిగురుముద్దదో గుండె పెట్టి అతకాలి. అతుకులు కనబడకుండా పైన పట్టీ వేయాలి, లేదా సందులో నల్ల లక్క నింపాలి. మీ భరిణె మీద రెండూ ఉన్నాయి.

నిర్ధారణకు ఇలా చూడండి. లేడి మెడ తెగిన చోట, లేదా వెడల్పు కొసన, అడ్డంగా కోసిన తలం ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. ఏనుగు దంతమైతే అడ్డుకోతలో సన్నటి వంపు గీతలు రెండు వైపులనుంచి వచ్చి ఒకదానినొకటి కోసుకుంటూ గళ్లలా కనిపిస్తాయి. దంతం అంచు దగ్గర ఆ గీతల మధ్య కోణం 115 డిగ్రీలకు మించితే ఏనుగుది, 90 కంటే తక్కువైతే అంతరించిన మామత్‌ది అని పరీక్షకులు లెక్క కడతారు. ఎముకలో ఈ గళ్లు ఉండవు. రక్తనాళాలు పోయిన చిన్న చిన్న గుంటలు, పొడవునా నల్లటి సన్న గీతలు ఉంటాయి, వాటిలో మురికి చేరి మచ్చల్లా కనిపిస్తుంది. మీ ఐదో ఫోటోను పెద్దది చేస్తే సింహం వీపు మీద అవే మచ్చలు కనిపించాయి. ప్లాస్టిక్‌లో ఈ రెండూ ఉండవు, గాలి బుడగలు ఉంటాయి. అతినీలలోహిత దీపం ఎవరి దగ్గరైనా ఉంటే చీకటిగదిలో వేసి చూడవచ్చు. దంతమూ ఎముకా రెండూ నీలపు తెలుపులో వెలుగుతాయి, కనుక ఆ రెండింటినీ వేరు చేయడానికి అది పనికిరాదు, ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికే.

ఎర్రగా కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వస్తువుకు మచ్చ పడుతుంది, అది చిన్న నష్టం. లోపల మందు మిగిలి ఉన్న భరిణెకు కాల్చిన సూది తగిలిస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం మళ్లీ మూతి దగ్గరే ఉంది. అసలైన రంజకపు భరిణెకు సన్నటి గొట్టం, దాన్ని బిగించి మూసే స్ప్రింగు మీట ఉంటాయి. తెరిచీ మూసీ మీట కింద లోహం అరిగి ఉంటుంది, గొట్టం లోపల మందు తిన్న గుంటలు ఉంటాయి. మీదానికి లేడి నోట్లో ఇత్తడి బిరడా ఒకటి ఉందన్నారు, అది వదులుగా ఉందని కూడా రాశారు. ఒక సన్నటి వెదురు పుల్లను ఆ రంధ్రంలోకి మెల్లగా పోనివ్వండి. రెండు మూడు అంగుళాల్లో ఆగిపోతే, భరిణెకు కడుపే లేదన్నమాట. మందు పట్టని మందు భరిణెను ఏ సిపాయీ కొనడు. వేలాడదీసే కొక్కేలు కూడా చూడండి. ఏళ్ల తరబడి తాడు రాసుకున్న కొక్కెం ఒక వైపే అరుగుతుంది. మీ కొక్కేలు చుట్టూ సమానంగా గుండ్రంగా ఉన్నాయి. పట్టీకి కొట్టినవి మర చుట్టలున్న యంత్రపు మేకులు. పసుపు రంగు కూడా అతుకుల సందుల్లో ముదురుగా, ఎత్తైన చోట లేతగా ఉంది. చేతుల్లో తిరిగిన వస్తువుకు దీనికి భిన్నంగా ఎత్తైన చోట నున్నటి మెరుపు, కాస్త రంగు వస్తాయి. మీదాన్ని టీ నీళ్లలోనో రంగునీళ్లలోనో నానబెట్టి తుడిచారు.

ఈ రకం ఎందుకు ఇంతగా దొరుకుతుందో చెబితే మీకు ఆశ్చర్యం తగ్గుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగుల దంతం వ్యాపారం నిషిద్ధమైంది, 1991 సవరణతో ఆఫ్రికా దంతానికీ అదే గతి పట్టింది. దంతపు పని చేసే కుటుంబాలు ఒంటె ఎముకకు, గేదె ఎముకకు మారాయి. అంతకు ముందే పర్యాటకుల కోసం ఎముక బాకులు, పెట్టెలు, మందు భరిణెలు చేయడం ఉంది, తరువాత అది పెరిగింది. అందులో మోసం లేదు. పనివాడు ఎముక అనే అమ్ముతాడు. రెండు చేతులు మారాక అది దంతం అవుతుంది, ఇంకో చేయి మారితే జహంగీరు అవుతుంది. మీ తాతగారు జైపూర్‌కో ఉదయపూర్‌కో విహారయాత్రకు వెళ్లారేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

మీ మేలుకోరి ఒకటి చెప్పాలి. అది దంతం కాకపోవడం మీ అదృష్టం. దంతమే అయి ఉంటే మీరు దాన్ని అమ్మడం నేరం, ఆ వ్యాపారి కొనడమూ నేరమే. ఇంట్లో ఉంచుకోవడానికి కూడా అటవీశాఖ వారి వద్ద యాజమాన్య ధ్రువపత్రం సంగతి చూసుకోవలసి వచ్చేది. కృష్ణజింక కొమ్ముతో చేసినవాటికీ అదే చట్టం. దంతమని చెప్పి బేరమాడిన మనిషికి ఈ చట్టం తెలియదని నేను అనుకోను.

దొరికిన చోటును బట్టి పుట్టిన చోటు చెప్పడంలో ఉన్న ప్రమాదం మన హైదరాబాద్‌లో మరీ ఎక్కువ. నిజాం కొలువులోకి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బు సిపాయిలు వచ్చారు, బార్కస్‌లో వారి వంశాలు ఇప్పటికీ ఉన్నాయి. రోహిల్లాలు వచ్చారు, సిక్కులు వచ్చారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు వచ్చారు. ప్రతివాడూ తన తుపాకీ, తన మందు భరిణే వెంట తెచ్చుకున్నాడు. జుమేరాత్ బజారులో ఒక గురువారం తిరిగితే జంబియా అనే అరబ్బు వంపు బాకు పక్కనే షెఫీల్డ్ చాకు కనిపిస్తుంది. కనుక ఈ ఊళ్లో దొరికిన భరిణె ఎక్కడిదైనా కావచ్చు. వెండి రేకుతో కప్పి, చంద్రవంకలా గట్టిగా వంగి, గొలుసులు వేలాడుతుంటే అరేబియా వైపు ఆలోచించాలి. ఉక్కుతో చేసి, సన్నటి బంగారు తీగ పొదిగి, చిన్న సొరకాయలా ఉంటే ఇరాన్. వెండి మీద చెక్కిన గీతల్లో నల్లటి మిశ్రమం నింపే పని (నియెల్లో) ఉన్న చిన్న భరిణె కాకసస్ కొండలది. అక్కడివాళ్లు ఒక్కో మోతాదు మందును ఛాతీ మీద కుట్టుకున్న గొట్టాల్లో పెట్టుకుని, రంజకానికి మాత్రమే భరిణె వాడేవారు. ముత్యపు చిప్ప పలకలను ఇత్తడి మేకులతో బిగించినది గుజరాత్ పని. పదహారు, పదిహేడు శతాబ్దాల్లోనే అవి ఐరోపా రాజుల భాండాగారాలకు చేరాయి. నత్తగుల్లలా చుట్టుకున్న ఆకారం, తోలు మీద రంగూ బంగారమూ ఉంటే రాజస్థాన్, సింధు వైపు. పాయలు చీలిన దుప్పికొమ్మును అలాగే ఉంచి ముందు వైపు బైబిలు కథ చెక్కితే జర్మనీ. కొయ్య మీద గుండ్రటి ఇత్తడి రేకు, బరువైన కడియాలు ఉంటే మొరాకో. ఆవు కొమ్ము మీద నదులూ కోటలతో పటం గీసి ఉంటే అమెరికా, అక్కడ ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ జరిగిన 1754–63 నాటి యుద్ధకాలంలో ఆ పని బాగా సాగింది. అన్నిటిలోనూ నకిలీలు ఉన్నాయి, ఆవు కొమ్ముల్లో మరీ ఎక్కువ.

ఇవన్నీ కంటికి అలవాటు కావాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం సెలవు. ఆయుధాల గదికంటే ముందు దంతపు వస్తువుల గదిలో ఒక గంట గడపండి. అసలు దంతం మీద వెలుతురు ఎలా పడుతుందో, వంపుల్లో ఎలా కరిగినట్లు కనిపిస్తుందో అక్కడ చూసి వస్తే, ఇంటికి వచ్చి మీ తెల్ల భరిణెను చేతిలోకి తీసుకోగానే మీకే అర్థమవుతుంది.

ఇక మీరు చేయవలసిన పనులు. మొదట, రాగి భరిణెను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపి చూడండి. ఇసుక జారిన చప్పుడు వస్తే లోపల మందు ఉంది. తుపాకిమందులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. పొడిగా ఉంటే నూరేళ్లయినా దాని గుణం చావదు. దీపం, పొయ్యి, సిగరెట్టు దగ్గరకు తీసుకెళ్లవద్దు, ఇనుప తీగతో గోకవద్దు. మీట నొక్కి గొట్టంలోంచి నీళ్లు పోసి, ఒక రాత్రి నానబెట్టి, మట్టిలో పారబోయండి. సురేకారం నీళ్లలో కరిగిపోతుంది, మిగిలిన బొగ్గూ గంధకమూ పేలవు. రెండు మూడు సార్లు అలా చేసి, మంచి నీళ్లతో కడిగి, నీడలో బాగా ఆరనివ్వండి. సురేకారం లోపల మిగిలితే తేమ పట్టి స్ప్రింగును తినేస్తుంది. గడ్డకట్టిన మందు చాలా ఉందనిపిస్తే మీరు చేయి పెట్టకుండా పోలీసులకు చెప్పడం మంచిది. తెల్లదానికి మాత్రం నీళ్లు తగలనివ్వకండి, లోపలి కొయ్య ఉబ్బి పలకలు ఊడతాయి.

చింతపండు, ఇటుకపొడి, బేగంబజారు పాలిష్ చక్రం ఇవేవీ రాగి భరిణె దగ్గరకు రానివ్వకండి. షెఫీల్డ్ వాళ్లు రాగి మీద గోధుమరంగు లక్కపూత వేసేవారు. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ఆ పూత మిగిలి ఉన్నందుకే, స్ప్రింగు పనిచేస్తున్నందుకే, సొట్టలు లేనందుకే. ఎర్రగా తళతళలాడించిన భరిణె విలువ సగానికి పడిపోయినట్లే. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, మీట ఇరుసుకు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే చాలు.

చట్టం సంగతి. ఉట్టి భరిణె ఆయుధం కాదు, దానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ నూరేళ్లు దాటిన వస్తువు కనుక 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం దానికి వర్తిస్తుంది. విదేశాల్లో ఉన్న బంధువులకు పంపాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఇంగ్లండులో పుట్టిన వస్తువే కదా, తిరిగి అక్కడికే పంపితే తప్పేమిటని వాదించి కస్టమ్స్ వాళ్లను ఒప్పించడం కష్టం.

తూకానికి అడిగిన వ్యాపారికి మాత్రం అమ్మవద్దు. మీట కింది పలకకు, గొట్టం మీది అంకెలకు ఉదయపు వెలుతురులో దగ్గరనుంచి ఫోటోలు తీయండి. మూతి చుట్టూ ఉన్న చిన్న మరలను విప్పి చూడాలని సరదా పడకండి, వాటి తలలు ఒకసారి చెదిరితే మళ్లీ సరిపడేవి దొరకవు. తెల్లదాన్ని వెడల్పు కొస నుంచి తిన్నగా ఒక ఫోటో, వెదురు పుల్ల ఎంతవరకు వెళ్లిందో కొలతతో సహా ఇంకొకటి పంపండి. పలక మీద పేరు కనిపిస్తే ఆ అక్షరాలు ఎలా ఉంటే అలాగే రాసి పంపండి, మీరు సరిచేయవద్దు.